రక్షణ నిశ్చయత

రక్షణ నిశ్చయత అనగా తన పాపాలు క్షమించబడ్డాయనీ, తాను దేవునితో సమాధానపడి నిత్యజీవానికి వారసుడనయ్యాననీ ఒక క్రైస్తవ విశ్వాసి ఈ జీవితంలోనే ఎరిగి ఉండడం. రక్షణ వేరు, రక్షణ నిశ్చయత వేరు. మొదటిది దేవుడు మనిషికి చేసే మేలు. రెండవది ఆ మేలు తనకు జరిగిందని మనిషికి కలిగే ఎరుక. ఈ ఎరుక ఎంతవరకు సాధ్యం, అది దేనిపై ఆధారపడుతుంది, సందేహం కలిగినప్పుడు విశ్వాసి ఎటు చూడాలి అనే ప్రశ్నలపై క్రైస్తవ శాఖల మధ్య సుమారు ఐదు వందల సంవత్సరాలుగా చర్చ సాగుతున్నది. పందొమ్మిదవ శతాబ్దంలో వేర్వేరు శాఖలకు చెందిన మిషనరీలు వేర్వేరు జిల్లాలలో పని చేసినందువల్ల ఈ అభిప్రాయభేదాలు తెలుగు సంఘాలలో కూడా కనిపిస్తాయి.

పదాల వివరణ

సాధారణ వాడుకలో రక్షణ అంటే కాపాడటం. క్రైస్తవ తెలుగులో ఈ పదం పాపం నుండి, దాని శిక్ష నుండి విడుదల అనే ప్రత్యేకార్థంలో స్థిరపడింది. అలాగే సామాన్య భాషలో ఎదురుచూపు అనే అర్థమిచ్చే 'నిరీక్షణ' అనే మాటను తెలుగు బైబిలులో భవిష్యత్తును గూర్చిన నమ్మకం అనే అర్థంలో వాడారు. మనసు మార్చుకొని దేవుని వైపు తిరగడాన్ని 'మారుమనస్సు' అంటారు. దేవుడు పాపిని నిర్దోషిగా ఎంచడాన్ని 'నీతిమంతునిగా తీర్చుట' అంటారు.

నిశ్చయత అనే భావానికి కొత్త నిబంధనలో 'ప్లెరోఫోరియా' అనే గ్రీకు పదం ఉన్నది. సంపూర్ణత, నిండుదనం అని దీని భావం. ఈ పదం కొలొస్సయులకు 2:2, 1 థెస్సలొనీకయులకు 1:5, హెబ్రీయులకు 6:11, 10:22 అనే నాలుగు చోట్ల వస్తుంది.

బైబిలు ఆధారాలు

ఈ విషయంలో ప్రధానంగా పేర్కొనబడే గ్రంథం యోహాను వ్రాసిన మొదటి పత్రిక. దేవుని కుమారుని నమ్మినవారు తమకు నిత్యజీవం ఉన్నదని తెలుసుకోవాలనే ఉద్దేశంతో ఈ పత్రిక వ్రాసినట్లు 5:13లో చెప్పబడింది. వేదాంతులు సాధారణంగా నిశ్చయతకు మూడు ఆధారాలను చూపుతారు.

మొదటిది దేవుని వాగ్దానం. క్రీస్తు గొర్రెలను ఆయన చేతిలోనుండి ఎవరూ అపహరించలేరని యోహాను 10:28లోను, దేవుని ప్రేమనుండి విశ్వాసిని ఏదీ వేరు చేయలేదని రోమీయులకు 8:38-39లోను ఉన్నది. ఈ ఆధారం మనిషికి వెలుపల ఉంటుంది. అతని మనఃస్థితి మారినా ఇది మారదు.

రెండవది పరిశుద్ధాత్మ సాక్ష్యం. విశ్వాసులు దేవుని పిల్లలని ఆత్మ వారి ఆత్మతో కూడ సాక్ష్యమిస్తాడని రోమీయులకు 8:16 చెబుతుంది.

మూడవది జీవితంలో కనబడే ఫలం. ఆజ్ఞలను గైకొనడం (1 యోహాను 2:3), సహోదరులను ప్రేమించడం (1 యోహాను 3:14) కొత్త జీవానికి గుర్తులుగా పేర్కొనబడ్డాయి.

వీటితోపాటు హెచ్చరిక వచనాలు కూడా ఉన్నాయి. తమను తాము పరీక్షించుకొమ్మని 2 కొరింథీయులకు 13:5, పిలుపును నిశ్చయం చేసుకొమ్మని 2 పేతురు 1:10 ఆదేశిస్తాయి. ప్రభువా అని పిలిచే ప్రతివాడూ పరలోకరాజ్యంలో ప్రవేశింపడని మత్తయి 7:21 హెచ్చరిస్తుంది. వాగ్దానాలకు, హెచ్చరికలకు ఎలా పొత్తు కుదర్చాలన్నదే ఈ సిద్ధాంతంలోని ప్రధాన సమస్య.

సిద్ధాంత చరిత్ర

సంస్కరణకు పూర్వం

ఐదవ శతాబ్దంలో అగస్టీన్, చివరివరకు విశ్వాసంలో నిలిచి ఉండటం దేవుని వరమనీ, ఆ వరం తనకు లభించిందో లేదో మరణించేవరకు ఎవరూ రూఢిగా చెప్పలేరనీ బోధించాడు. మధ్యయుగపు ఐరోపాలో సామాన్య విశ్వాసి నిశ్చయతకంటే ఆశతోను, భయభక్తులతోను జీవించడమే తగినదిగా భావించబడింది.

లూథర్, కాల్విన్

మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న కాలంలో ఎన్నిసార్లు పాపాలు ఒప్పుకొన్నా మనశ్శాంతి లభించక తీవ్రమైన వేదనకు గురయ్యాడు. మనిషి తన క్రియలను బట్టి గాక విశ్వాసం ద్వారా నీతిమంతుడుగా తీర్చబడతాడనే గ్రహింపు అతనికి ఆ వేదననుండి విడుదల కలిగించింది. సందేహం కలిగినవారు తమలోనికి చూచుకొనక సువార్తను, తాము పొందిన బాప్తిస్మాన్ని తలంచుకోవాలని అతడు బోధించాడు. జాన్ కాల్విన్ విశ్వాసాన్ని, క్రీస్తునందు దేవుడు మనపట్ల చూపే దయను గూర్చిన దృఢమైన ఎరుకగా నిర్వచించాడు. అయినా విశ్వాసుల హృదయంలో సందేహంతో పోరాటం ఎడతెగక ఉంటుందని కూడా అతడే వ్రాశాడు.

ట్రెంట్ మహాసభ

రోమను కాథలిక్ సంఘం 1547 జనవరిలో ట్రెంట్ మహాసభలో ఈ బోధను తిరస్కరించింది. దేవుని కృపను, క్రీస్తు పుణ్యఫలాన్ని ఎవరూ సందేహించరాదు గానీ, తన బలహీనతను చూచుకొన్న మనిషి తాను కృపాస్థితిలో ఉన్నానని తప్పిపోనేరని నిశ్చయంతో ఎరుగజాలడని ఆ సభ ప్రకటించింది. అంత్యమువరకు నిలిచే వరం తనకు తప్పక లభిస్తుందని దేవుని ప్రత్యేక ప్రకటన లేకుండా చెప్పరాదని కూడా నిర్ణయించింది.

ప్యూరిటనులు

ఇంగ్లాండులోని ప్యూరిటను బోధకులు ఈ ప్రశ్నను మనస్సాక్షికి సంబంధించిన సమస్యగా విస్తారంగా చర్చించారు. 1646లో సిద్ధమైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణంలో పద్దెనిమిదవ అధ్యాయం పూర్తిగా ఈ విషయానికే కేటాయించబడింది. నిశ్చయత సాధ్యమే గానీ, అది విశ్వాసపు సారంలో విడదీయరాని భాగం కాదనీ, నిజమైన విశ్వాసి సైతం దానికొరకు దీర్ఘకాలం కనిపెట్టవలసి రావచ్చుననీ, పొందినవారికి కూడా అది సడలవచ్చుననీ ఈ అధ్యాయం చెబుతుంది. సందేహం ఉన్నంతమాత్రాన రక్షణ లేనట్లు కాదనే ఈ వివేచన తరువాతి కాలపు సంఘ పరిచర్యను ఎంతగానో ప్రభావితం చేసింది. జాన్ బన్యన్ 1678లో ప్రచురించిన యాత్రికుని ప్రయాణములో కథానాయకుడు సందేహమనే కోటలో నిరాశ అనే రాక్షసుని చేతికి చిక్కుతాడు. చివరకు తన రొమ్మునే దాగి ఉన్న వాగ్దానమనే తాళపుచెవితో బయటపడతాడు.

జాన్ వెస్లీ

1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూటంలో జాన్ వెస్లీకి తన పాపాలు తీసివేయబడ్డాయనే నిశ్చయత కలిగింది. ఆత్మ సాక్ష్యం ప్రతి విశ్వాసికీ లభించవలసిన ఆధిక్యత అని మెథడిస్టులు బోధించారు. అయితే ఈ నిశ్చయత ప్రస్తుత స్థితిని గూర్చినదే. విశ్వాసం విడిచినవాడు రక్షణను పోగొట్టుకొనవచ్చునని వారి అభిప్రాయం. ఎన్నుకోబడినవారు అంతిమంగా తొలగిపోరని 1618-19లో డోర్ట్ సభ నిర్ణయించిన కాల్వినిస్టు బోధకు ఇది భిన్నమైనది. నిశ్చయత లేనివాడు దేవునికి అంగీకృతుడు కాడన్న తన తొలినాటి కఠినాభిప్రాయాన్ని వెస్లీ తరువాతి కాలంలో సడలించుకొన్నాడు.

ఉమ్మడి ప్రకటన

1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో రోమను కాథలిక్ సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య నీతిమంతునిగా తీర్చబడుటను గూర్చిన ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశాయి. అందులో రక్షణ నిశ్చయతపై ప్రత్యేక విభాగం ఉన్నది. తన బలహీనతలను చూచినప్పుడు విశ్వాసికి ఆందోళన కలుగవచ్చుగానీ, దేవుడు తన రక్షణను కోరుతున్నాడన్న విషయంలో అతడు నిశ్చయంగా ఉండవచ్చునని ఇరుపక్షాలూ అంగీకరించదగిన మాట ఇందులో చెప్పబడింది. ప్రపంచ మెథడిస్టు మండలి 2006లో, సంస్కృత సంఘాల ప్రపంచ కూటమి 2017లో ఈ ప్రకటనతో ఏకీభవించాయి.

తెలుగు సంఘాలలో

లూథరనులు, మెథడిస్టులు, ఆంగ్లికనులు

1842లో గుంటూరు చేరిన సి.ఎఫ్. హేయర్‌తో అక్కడ లూథరన్ మిషను ప్రారంభమైంది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, పాపక్షమాపణ ప్రకటన విశ్వాసికి దేవుడిచ్చిన గుర్తులని ఈ సంప్రదాయం నేర్పుతుంది. నిజాం రాజ్యంలో పనిచేసిన వెస్లియన్ మెథడిస్టులకు మెదక్ ప్రధాన కేంద్రం. సి.డబ్ల్యు. పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మించిన అక్కడి ప్రధాన దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య, కొత్తగా బాప్తిస్మం పొందినవారిచేత తలపై చేయి ఉంచుకొని సువార్త ప్రకటిస్తామని మాట ఇప్పించేవాడు. తమ బాప్తిస్మాన్ని వారు మరువరాదన్నది ఈ ఆచారం ఉద్దేశం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దోర్నకల్లు ఆంగ్లికనులు, మెదక్ మెథడిస్టులు ఒకే సంఘంలో కలిశారు.

బాప్టిస్టులు, సామూహిక బాప్తిస్మాలు

ఒంగోలు ప్రాంతంలో ఈ ప్రశ్న మరొక రూపంలో తలెత్తింది. 1876-78 నాటి మహా కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకొని వేలాదిమందికి పని కల్పించాడు. వారిలో అధికులు మాదిగలు. అనేకులు బాప్తిస్మం కోరారు. కూటికోసం మతం పుచ్చుకొన్నారన్న అపవాదు రాకూడదని క్లౌ ఒక సంవత్సరానికి పైగా బాప్తిస్మాలు నిలిపివేశాడు. కరువు సహాయం ముగిసిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఒకేసారి ఇంతమంది వచ్చినప్పుడు ప్రతివారికీ వ్యక్తిగతమైన విశ్వాసం ఉన్నదా అనే విమర్శ అప్పుడే వినవచ్చింది. అయితే ఈ ఉద్యమానికి ఆద్యుడైన యర్రగుంట్ల పేరయ్య 1866లో క్రైస్తవుడు కాకమునుపే యోగసాధనలో ఏళ్ల తరబడి సత్యాన్ని వెదకినవాడు. అంటరానివారుగా ఎంచబడిన ఒక సమూహానికి 'మీరు దేవుని పిల్లలు' అన్న మాట కేవలం పరలోకానికి సంబంధించిన నిశ్చయత మాత్రమే కాదనీ, ఈ లోకంలో తమ విలువను గూర్చిన నిశ్చయత కూడా అయిందనీ చెప్పవచ్చు.

బ్రదరెన్, హెబ్రోను

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కలిసి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు గోదావరి డెల్టాలో, ముఖ్యంగా నరసాపురం ప్రాంతంలో బ్రదరెన్ సంఘాలకు పునాది వేశారు. వ్యక్తిగతమైన నూతన జన్మానుభవం, ప్రతి ఆదివారం రొట్టె విరుచుట ఈ సంఘాల లక్షణాలు.

ఇరవయ్యవ శతాబ్దంలో రక్షణ నిశ్చయతను తెలుగునాట విస్తారంగా బోధించినవారిలో భక్తసింగ్ ముఖ్యుడు. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో జన్మించిన ఆయన ఇంగ్లాండులో చదువుకొని, కెనడాలోని విన్నిపెగ్ నగరంలో 1929 డిసెంబరులో కొత్త నిబంధన చదువుతూ క్రీస్తును విశ్వసించాడు. 1933లో భారతదేశానికి తిరిగివచ్చాడు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మాను, 1950లో హైదరాబాదులో హెబ్రోనును స్థాపించాడు. ఈ సంఘాలలో బాప్తిస్మం కోరేవారు ముందుగా తమ రక్షణానుభవాన్ని గూర్చి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. భక్తసింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో మరణించాడు. పుట్టుకతో క్రైస్తవులైనవారిని సైతం 'నీవు రక్షణ పొందావా' అని అడిగే పద్ధతి ఇటువంటి సంఘాల ద్వారా, పెంతెకోస్తు సంఘాల ద్వారా తెలుగు క్రైస్తవులలో బాగా వ్యాపించింది.

సందేహాలు, సమాధానాలు

సంఘ కాపరులు తరచుగా ఎదుర్కొనే సందేహాలు, వాటికి వారు చెప్పే సమాధానాలు ఈ విధంగా ఉంటాయి.

అనుభూతి లేకపోవడం. ప్రార్థనలో పూర్వపు సంతోషం లేనప్పుడు తన విశ్వాసం నిజం కాదేమోనని కొందరు భయపడతారు. విశ్వాసం అనుభూతిపై గాక వాగ్దానంపై ఆధారపడుతుందని దీనికి సమాధానం. హృదయం దోషారోపణ చేసినా దేవుడు హృదయంకంటె అధికుడని చెప్పే 1 యోహాను 3:20ను ఈ సందర్భంలో చూపుతారు.

తేదీ గుర్తు లేకపోవడం. సాక్ష్యాలలో రక్షణ పొందిన దినాన్ని పేర్కొనడం వాడుక అయినందువల్ల, క్రైస్తవ కుటుంబాలలో పెరిగినవారికి అటువంటి దినం గుర్తులేక సందేహం కలుగుతుంది. పౌలుకు దమస్కు మార్గంలో ఒక్కసారిగా మార్పు వచ్చింది. తిమోతి మాత్రం బాల్యంనుండే లేఖనాలను ఎరిగినవాడని 2 తిమోతి 3:15 చెబుతుంది. జన్మదినం తెలియనివాడు జీవించి లేడని అనలేము. ఇప్పుడు క్రీస్తును నమ్ముతున్నాడా అన్నదే ప్రధానమని అనేకమంది బోధకులు వివరిస్తారు.

మరల మరల పాపంలో పడటం. పాపం లేదని చెప్పుకొనేవాడు తన్ను తానే మోసపుచ్చుకొంటాడని 1 యోహాను 1:8 అంటుంది. పాపంతో పోరాడటం, పడినప్పుడు దుఃఖించడం ఆత్మీయ జీవానికి గుర్తులుగా పరిగణించబడతాయి. పాపంతో రాజీపడి నిశ్చింతగా ఉండటమే ప్రమాదకరమని చెబుతారు.

క్షమించరాని పాపం. మార్కు 3:28-30లోని పరిశుద్ధాత్మ దూషణను తాము చేశామేమోనని కొందరు భయపడతారు. క్రీస్తు చేసిన మేలును ఎరిగికూడా అది దయ్యపు శక్తి అని బుద్ధిపూర్వకంగా నిందించిన శాస్త్రులను ఉద్దేశించి ఆ మాట చెప్పబడింది. ఆ పాపం చేశామేమోనని కలతచెందే మనస్సే అటువంటి కాఠిన్యం లేదనడానికి సూచన అని వ్యాఖ్యాతలు సాధారణంగా చెబుతారు.

తొలగిపోయినవారిని గూర్చిన హెచ్చరిక. హెబ్రీయులకు 6:4-6 ఈ చర్చలో అత్యంత కఠినమైన భాగం. ఇది నిజమైన విశ్వాసులు రక్షణ కోల్పోవడాన్ని గూర్చినదని వెస్లియనులు, పైకి మాత్రమే విశ్వాసులైనవారిని గూర్చినదని కాల్వినిస్టులు వ్యాఖ్యానిస్తారు. అదే అధ్యాయం 9వ వచనంలో రచయిత తన పాఠకులను గూర్చి మంచి నమ్మకాన్ని వెలిబుచ్చుతాడని ఇరువురూ గుర్తుచేస్తారు.

వ్యాధి, మనోవేదన. సందేహాలన్నీ ఆత్మీయ కారణాలవల్లనే కలుగవు. ప్రసిద్ధ ఆంగ్ల కీర్తనకారుడు విలియం కౌపర్ తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనై, 1773 తరువాత తాను దేవునిచే త్యజించబడ్డానన్న తలంపుతోనే 1800లో మరణించాడు. అతని కీర్తనలు మాత్రం నేటికీ ఇతరులకు ధైర్యాన్నిస్తున్నాయి. క్షమాపణ దొరికిందో లేదోనన్న తలంపు విడువక వేధించి, అవే ప్రార్థనలను, ఒప్పుకోలును పదే పదే చేయించే స్థితిని వైద్యులు ఒక రకమైన మానసిక రుగ్మతగా గుర్తించారు. దీనికి చికిత్స ఉన్నది. అటువంటివారిని మరింతగా ఆత్మపరీక్ష చేసుకొమ్మని ప్రోత్సహిస్తే బాధ ఎక్కువవుతుంది. కాపరి ఆదరణతోపాటు వైద్యుని సహాయం అవసరం.

బైబిలులో సందేహించినవారు గద్దింపుకంటె ఎక్కువగా ఆదరణనే పొందారు. చెరసాలనుండి సందేహంతో కబురు పంపిన బాప్తిస్మమిచ్చు యోహానుకు క్రీస్తు తన క్రియలను చూపి జవాబిచ్చాడు (మత్తయి 11:2-6). విశ్వాసం, అవిశ్వాసం రెండూ తనలో ఉన్నాయని మొరపెట్టిన తండ్రి కుమారుని స్వస్థపరచాడు (మార్కు 9:24). తోమాకు తన గాయాలను చూపాడు (యోహాను 20:27). ఆశాకిరణం దాదాపు లేకుండా చీకటితోనే ముగిసే 88వ కీర్తన కూడా ప్రార్థనగానే బైబిలులో చోటు చేసుకొన్నది.

సందేహంలో ఉన్నవారికి అన్ని శాఖలూ సూచించే సాధనాలు వాక్యపఠనం, ప్రార్థన, పాపాల ఒప్పుకోలు, ప్రభురాత్రి భోజనం, తోటి విశ్వాసుల సహవాసం. కాథలిక్కులు పాపసంకీర్తనాన్ని, దివ్యబలిపూజను ప్రధానంగా పేర్కొంటారు.

విమర్శలు

కూటంలో చేయి ఎత్తినందుకో, ఒక ప్రార్థన వల్లించినందుకో రక్షణ నిశ్చయమైందని చెప్పడం అబద్ధపు నిశ్చయతకు దారితీస్తుందని ప్రొటెస్టంటులలోనే పలువురు విమర్శించారు. జర్మను వేదాంతి డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథంలో శిష్యత్వం లేని క్షమాపణను చౌకబారు కృపగా ఖండించాడు. నిశ్చయత గలవారమని చెప్పుకొనేవారు ఇతర శాఖల క్రైస్తవులను రక్షణ లేనివారుగా ఎంచడం మరొక విమర్శకు గురైంది. దీనికి విరుద్ధంగా, నిశ్చయతను పూర్తిగా నిరాకరిస్తే విశ్వాసి నిరంతరం భయంతో జీవిస్తాడనీ, అటువంటి భయంనుండి నిజమైన ప్రేమ పుట్టదనీ సిద్ధాంతాన్ని సమర్థించేవారు 1 యోహాను 4:18ను చూపి వాదిస్తారు.

ఇతర సంప్రదాయాలతో పోలిక

ఇటువంటి ప్రశ్నలు ఇతర మతాలలో కూడా ఉన్నాయి. వాటిని తలపించే రెండు ప్రదేశాలు హైదరాబాదు నగరానికి దక్షిణంగా శంషాబాదు ప్రాంతంలోనే కనబడతాయి.

విమానాశ్రయానికి వెళ్ళే దారిలోని పహాడీ షరీఫ్ కొండపై సుహ్రవర్దీ సూఫీ పరంపరకు చెందిన బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్నది. సూఫీ బోధలో భక్తుడు ఖౌఫ్ (దైవభీతి), రజా (ఆశ) అనే రెండు రెక్కలతో ఎగిరే పక్షివంటివాడు. ప్రవక్త మహమ్మదు సహచరులలో పదిమందికి వారి జీవితకాలంలోనే స్వర్గం వాగ్దానం చేయబడిందని సున్నీ ముస్లింలు విశ్వసిస్తారు. తక్కినవారు దైవకారుణ్యంపట్ల నిరాశ చెందకుండా, నిర్లక్ష్యంగానూ ఉండకుండా జీవించాలి. ప్రత్యేక ప్రకటన లేనిదే పూర్ణ నిశ్చయం లేదన్న ట్రెంట్ మహాసభ అభిప్రాయంతో దీనికి కొంత పోలిక కనబడుతుంది.

శంషాబాదు సమీపంలోని ముచ్చింతలలో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించబడింది. శ్రీవైష్ణవంలో శరణాగతికి ఉన్న అంగాలలో భగవంతుడు తప్పక రక్షిస్తాడనే మహావిశ్వాసం ఒకటి. భగవద్గీత 18:66ను చరమశ్లోకంగా భావించి, శోకించవద్దన్న అభయాన్ని ఇందుకు ఆధారంగా చూపుతారు. తల్లిని తానే పట్టుకొనే కోతిపిల్లవలె జీవుడు ప్రయత్నించాలని వడగలైలు, తల్లి నోట కరచుకొనిపోయే పిల్లికూనవలె భారమంతా భగవంతునిదేనని తెంగలైలు చెబుతారు. వీటిని మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలు అంటారు. వెస్లియనులకు, కాల్వినిస్టులకు మధ్యనున్న భేదాన్ని వివరించడానికి తులనాత్మక అధ్యయనకారులు ఈ న్యాయాలను ఉదాహరిస్తారు. అయితే ఈ పోలికలు ప్రశ్నకు సంబంధించినవే. క్రైస్తవ సిద్ధాంతంలో నిశ్చయతకు ఆధారం క్రీస్తు మరణ పునరుత్థానాలు కాబట్టి జవాబులు ఒకటే అని భావించరాదు.

ఇవి కూడా చూడండి

మార్టిన్ లూథర్
జాన్ వెస్లీ
భక్తసింగ్
దక్షిణ ఇండియా సంఘం
మెదక్ చర్చి
శరణాగతి
పహాడీ షరీఫ్